పాత బండికి కొత్త సైలెన్సరు



ఈ ఏటి సావనీరుకు సైన్సు విద్యార్థుల పక్షాన ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, అంతరిక్షం గురించో అణుశక్తి గురించో వ్రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. రెండు పేజీలు వ్రాసి చదువుకుంటే ఎక్కడో చదివిందే మళ్ళీ వ్రాసినట్టు అనిపించింది. చింపేశాను. చేతులకు మసి అంటించుకుని నా అంతట నేను నేర్చుకున్న సైన్సు ఒక్కటే ఉంది. అది మా తాత మోటారు సైకిలు సైలెన్సరు. దాంట్లో ఏముందిలే వ్రాయడానికి అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. పోయిన ఏడాది ఆ రెండు గొట్టాల కోసం నేను తిరిగిన తిరుగుడు చూసి మా క్లాసు మిత్రులు ఇప్పటికే సరిపడా నవ్వారు.

మాది సిద్దిపేట వైపు ఒక పల్లె. వ్యవసాయమే ఆధారం. చదువు కోసం నేను నేరేడ్‌మెట్‌లో మా మేనమామ ఇంట్లో ఉంటున్నాను. మామ తిరుమలగిరి ఈ.ఎం.ఇ.లో బండ్ల మరమ్మతు పని చేసి రిటైరైనవాడు. ఇక బండి సంగతి. 1974లో తాత రెండు పంటల వడ్లు అమ్మి కొన్న యెజ్డీ అది. పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని జావా అనే అంటారు, అందులో తప్పులేదు. 1929లో చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన జర్మనీ వారి వాండరర్ కంపెనీ మోటారు సైకిలు హక్కులు కొని, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు జావా. 1960 దశకం మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ వారు ఆ బండ్లను మన దేశంలో తయారు చేయసాగారు. 1970 దశకంలో పేరు యెజ్డీగా మారింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. ఆ రెండు పేర్లూ ఈ మధ్య, 2018లో ఒకటి, 2022లో ఒకటి, మళ్ళీ బజారులోకి వచ్చాయి గాని అవి ఫోర్ స్ట్రోక్ బండ్లు. వాటి సైలెన్సరు మా దానికి పనికిరాదు. ఈ మాట తెలియక నేను ఒక షోరూముకు పోయి అడిగి నాలిక కరుచుకున్నాను.

ఈ బండికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఒకే సిలిండరు నుంచి ఎడమకు ఒక బెండు పైపు, కుడికి ఒక బెండు పైపు. పోయిన వానాకాలం మొదట్లో కుడి సైలెన్సరు పొట్టకింద తుప్పు తిని అరచేతి మందాన ఊడి పడింది. ఎడమదాన్ని వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. రిజిస్ట్రేషను గడువు కూడా దగ్గర పడింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి కదా. బాపు ఒకటే మాట అన్నాడు: "దసరా దాక సూస్త. గప్పటికి కాయితం కాకపోతే పాత ఇనుప సామానోనికి ఏస్త. గా బండికి ఇంకెన్ని పైసలు పెడ్తవ్ రా?" బాపుది తప్పనలేను. ఆ ఏడు బోరు ఎండిపోయి కొత్తది వేయించాల్సి వచ్చింది. తాత మాత్రం ఏమీ అనలేదు. ఆయనకు కంటిచూపు బాగా తగ్గింది. అరుగు మీద కూర్చుని చేత్తో టాంకు తడిమి చూసి ఊరుకున్నాడు.

అసలు సైలెన్సరు ఎందుకు తుప్పు పడుతుంది? బయట వాన వల్ల అనుకునేవాణ్ణి. తుప్పు లోపలినుంచి మొదలవుతుంది. పెట్రోలు హైడ్రోజను, కార్బను కలిసిన పదార్థం. అది మండితే హైడ్రోజనంతా నీళ్ళవుతుంది. ఇంటరు కెమిస్ట్రీ సమీకరణంతో లెక్క వేసి చూడండి: 114 గ్రాముల ఆక్టేను మండితే 162 గ్రాముల నీరు వస్తుంది. అంటే ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు! దూరం పోయే బండిలో సైలెన్సరు బాగా వేడెక్కి ఈ నీరంతా ఆవిరిగా బయటికి పోతుంది. మా బండి ఇరవై ఏళ్ళుగా చేసిన ప్రయాణం ఇంటి నుంచి బావి దాకా, బావి నుంచి పాల కేంద్రం దాకా. రెండు కిలోమీటర్లు. సైలెన్సరు వేడెక్కేలోపే బండి ఆగిపోతుంది. ఆవిరి చల్లారి నీరై, ఆయిలు మసితో కలిసి, పుల్లటి బురదలాగా అడుగున కూర్చుంటుంది. కాబట్టి ఎక్కువ తిరిగిన బండి కంటే తక్కువ తక్కువ దూరాలు తిరిగిన బండి సైలెన్సరే ముందు పోతుంది.

బాపు మాట పట్టుకుని, తొందరపడి, బజారులో ఒక దుకాణంలో జత కొన్నాను. మూడు వేల రెండు వందలు. నా స్కాలర్‌షిప్పు డబ్బులో సగం. అద్దంలాగా మెరుస్తున్నాయి, ముఖం చూసుకోవచ్చు. నేరేడ్‌మెట్ చౌరస్తా దగ్గర మా మామకు తెలిసిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన బిగించి ఇచ్చాడు గాని, బిగిస్తున్నంతసేపూ పెదవి విరుస్తూనే ఉన్నాడు. బండి స్టార్టు చేస్తే ఖాళీ డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు. అదీ సరేననుకున్నాను. సఫిల్‌గూడ వైపు మామను వెనక కూర్చోబెట్టుకుని పోతే, చిన్న ఎత్తు దగ్గరే బండి గుంజలేక గేరు తగ్గించాల్సి వచ్చింది. ఎప్పుడూ లేదట్లా. పెట్రోలు ఎక్కువ తాగింది. రెండు నెలలు తిరక్కముందే మెరుపు మీద గోధుమ రంగు చుక్కలు లేచాయి.

తిరిగి ఉస్తాద్ దగ్గరికి పోయాను. "బేటా, చమక్ చూసి తెచ్చినవ్. లోపల చూసినవా? నువ్వు సైన్స్ చదువుతున్నవ్ కదా, టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ అంటే ఏందో చెప్పు" అన్నాడు. చప్పుడు తగ్గించేది అన్నాను. ఆయన నవ్వి, "నై, అది ఇంజన్ల సగం" అన్నాడు.

ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు వారం రోజులు పట్టింది. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పొగ బయటికి పోవడానికి ఒక తలుపు, అంటే వాల్వు ఉంటుంది. పని కాగానే అది మూసుకుంటుంది. మా బండిలో అట్లాంటి తలుపులు లేవు. సిలిండరు గోడకే కిటికీలుంటాయి. పిస్టను కిందికి దిగుతున్నప్పుడు ముందు పొగపోయే కిటికీలు తెరుచుకుంటాయి, వెంటనే కొత్త పెట్రోలు గాలి వచ్చే కిటికీలు తెరుచుకుంటాయి. కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్త గాలి పాత పొగను తోసేస్తూ, తాను కూడా కొంత బయటికి జారిపోతుంది. ఇంట్లోకి చుట్టాలు ఒక వాకిట వస్తుంటే ఇంకో వాకిట పిల్లలు బయటికి పరుగెత్తినట్టు. ఈ జారిపోయే పెట్రోలును ఆపేది ఎవరు? పైపూ, సైలెన్సరూ.

ఎట్లాగంటే, కాలువలో తూము తలుపు ఒక్కసారి దించితే నీరు అలలాగా లేచి వెనక్కి వస్తుంది, పొలం పనులు తెలిసినవాళ్ళు చూసే ఉంటారు. కిటికీ తెరుచుకున్నప్పుడు పొగ ఒక దెబ్బలాగా పైపులోకి దూకుతుంది. ఆ దెబ్బ ఒక ఒత్తిడి తరంగం. పైపు వెడల్పయ్యే చోట అది లాగే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. సన్నబడే చోట, అడ్డు తగిలే చోట తోసే తరంగంగానే వెనక్కి వస్తుంది. మొదటిది పాత పొగను లాగేస్తుంది. రెండోది సరైన సమయానికి వస్తే, జారిపోబోతున్న కొత్త గాలిని మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. సమయం తప్పితే రెండూ చెరుపే చేస్తాయి.

ఆ సమయం ఎంత? ఇంజను నిమిషానికి 4,500 సార్లు తిరుగుతున్నదనుకోండి. సెకనుకు 75. ఒక్క చుట్టుకు దాదాపు 13 మిల్లీ సెకన్లు. అందులో పొగ కిటికీ తెరిచి ఉండేది అయిదో వంతులు రెండు అనుకుంటే, 5 మిల్లీ సెకన్ల పైచిలుకు. మామూలు గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల చిల్లర గాని, 400 డిగ్రీల వేడిగాలిలో అది 500 మీటర్లు దాటుతుంది. అంటే ఆ కాస్త వ్యవధిలో తరంగం రెండున్నర మీటర్లు పోగలదు, పోయి రావడానికైతే మీటరుంపావు. బెండు పైపూ సైలెన్సరూ కలిపి కొలిస్తే ఇంచుమించు ఈ కోవలోనే ఉంటాయి! మైసూరు వాళ్ళు ఆ పొడవును అందం కోసం పెట్టలేదన్నమాట. సైలెన్సరులో ఒక గది పొట్టిగా చేసినా, లోపలి జాలీ గొట్టం రంధ్రాలు మార్చినా, తరంగం వచ్చే సమయం మారిపోతుంది. ఎత్తు దగ్గర మా బండి ఎందుకు గుంజలేదో ఈ లెక్క వేశాక తెలిసింది.

ఈ పైపు విద్యలో మొనగాడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఎం.జెడ్. అనే పేద కర్మాగారంలో, సరైన సామాను కూడా లేకుండా, 1950 దశకంలో కేవలం పైపు ఆకారం మార్చి మార్చి టూ స్ట్రోక్ ఇంజను శక్తిని పెంచాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజను 25 గుర్రాల శక్తి ఇచ్చింది. మా తాత బండి ఇంజను అంతకు రెండింతలు పెద్దదై కూడా దాంట్లో సగం శక్తికి అటూ ఇటుగా ఉంటుంది. ఆ ఏడే కాడెన్ దగ్గరి పోటీదారు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం సమయంలో దేశం విడిచి పారిపోయి, ఈ రహస్యంతో జపాను సుజుకీ కంపెనీలో చేరాడు. మరుసటి ఏడు, 1962లో, 50 సీసీ ప్రపంచ పోటీలో సుజుకీ బండి మీద గెలిచాడు. ఒక రేకు గొట్టం ఆకారం కోసం మనుషులు సరిహద్దులు దాటారంటే నాకు భలే ఆశ్చర్యం వేసింది. మా యెజ్డీది అంత పదునైన పైపు కాదనుకోండి, అయినా సూత్రం ఒకటే.

ఇక మంచి సైలెన్సరును పట్టుకోవడం ఎట్లా? దుకాణంలో కోసి చూడనివ్వరు కదా. నేను చేసింది చెబుతాను. ఊరి నుంచి జొన్నలు తెచ్చాను. పాత సైలెన్సరు రంధ్రాలకు టేపు వేసి, జాలీ తీసేసి, నిండా జొన్నలు పోసి, మళ్ళీ గిన్నెలోకి ఒంపి కొలిచాను. దుకాణం సైలెన్సరుకూ అదే చేశాను. బయటి పొడవు ఒకటే, గింజలు మాత్రం ఎనిమిదో వంతు తక్కువ పట్టాయి! పొట్ట సన్నగా చేసి రేకు మిగుల్చుకున్నారు. నీళ్ళు పోయవచ్చు గదా అంటారేమో, రంధ్రాల సైలెన్సరులో నీళ్ళు నిలవవు. అత్తమ్మ మాత్రం ఆ జొన్నలు పిండి పట్టించడానికి ఒప్పుకోలేదు. అవి కోళ్ళకు పోయాయి.

తరువాత తూకం. యాభై ఏళ్ళు తుప్పు తిన్న మా పాతదే కొత్తదాని కంటే బరువు తూగింది. రేకు మందం గేజీల్లో చెబుతారు. గేజీ అంకె పెరిగితే రేకు పలచనవుతుంది. 18 గేజీ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 22 అంటే 0.7 చిల్లర. గోటితో కొట్టి చూస్తే తెలుస్తుంది. మందపు రేకు చిన్నగా పొడిగా పలుకుతుంది, పలచటి రేకు కంచులాగా మోగుతుంది. మెరుపు సంగతి వేరే. క్రోమియం పూత మైక్రాను కంటే తక్కువ మందం, దానికి కంటికి కనిపించని బీటలుంటాయి. ఇనుమును నిజంగా కాపాడేది దాని కింద వేసే నికెలు పూత. నికెలు ఖరీదు. అది పలచన చేసి పైన క్రోమియం తళతళలాడిస్తే కొనేవాడికి తెలియదు, మొదటి వానకు తెలుస్తుంది. స్టీలు సైలెన్సరు అని చెబితే అయస్కాంతం పెట్టి చూడమంటారు. అది సగం నిజమే. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది, కొన్నింటికి అంటుకోదు. కాబట్టి ఆ ఒక్క పరీక్షతో మోసపోవద్దు.

మంచి సరుకు కోసం రాణిగంజ్, పుత్లీబౌలి తిరిగాను. బెంగుళూరు జె.సి. రోడ్డుకు, మద్రాసు పుదుపేటకు ఫోన్లు చేయించాను. నాకు కనిపించిన దారులు మూడు. ఒకటి, కర్మాగారం మూతపడక ముందు తయారై అమ్ముడుపోని పాత స్టాకు. అది దొరికితే బంగారమే, కాని ధర కూడా అట్లాగే ఉంది. పైగా ముప్పై ఏళ్ళు గోదాములో పడి ఉన్నదానికి లోపల తుప్పు లేదని ఎవరు చెప్పగలరు? రెండోది, పాతదాన్నే కోసి, చెడిన రేకు తీసి కొత్తది అతికించి, మళ్ళీ పూత వేయించడం. ఆకారం చెడదు గనుక నాకు ఇదే మంచిదనిపించింది. అయితే పూత వేసేవాళ్ళు ఆయిలు మసి ఉన్న సైలెన్సరును ముట్టుకోరు, వాళ్ళ ద్రావణం పాడవుతుంది. ముందు వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి మసి వదిలించాలి. ఇనుముకు హాని లేదు, అల్యూమినియానికి మాత్రం తగలనీయకూడదు. కళ్ళకు అద్దాలు లేకుండా ఆ పనికి దిగవద్దు, నేను మామతో తిట్లు తిన్నాను. ఇంత చేశాక చూస్తే మా సైలెన్సర్లలో కోసి అతికించడానికి మంచి రేకే మిగల్లేదు.

మూడో దారి, చిన్న చిన్న పనివాళ్ళు కొత్తగా చేసినవి. వీటిలోనే అన్ని రకాలూ ఉన్నాయి, నేను మొదట మోసపోయిందీ ఇక్కడే. పాత జావాల వాళ్ళు ఏటా జులై రెండో ఆదివారం తమ బండ్లతో కలుసుకుంటారు. అక్కడ ఒక పెద్దమనిషి చెప్పగా, మందపు రేకుతో చేసిన జత ఒకటి నాలుగు వేల ఎనిమిది వందలకు దొరికింది. జొన్నల పరీక్షలో పాతదానికి సరిసమానంగా వచ్చింది. మెరుపు మొదటి జతంత లేదు, ఒక పక్క కాస్త మసకగా కూడా ఉంది. తీసుకున్నాను. మొదటి జతను పాతసామానుకు వేస్తే మూడు వందలు వచ్చాయి. మిగతా డబ్బు అత్తమ్మ సర్దింది. కాని లోపలి జాలీ మాత్రం ఇందులోనూ సరిగా లేదు. రంధ్రాలు పెద్దవి, తక్కువ. అప్పుడు మా పాత జాలీలలో బాగున్నదాన్ని ముందు పెట్టుకుని రంధ్రాలు వరుస వరుసగా లెక్కపెట్టి, సైజు కొలిచి, మల్కాజిగిరిలో ఒక లేతు షాపులో రెండు కొత్తవి చేయించాను. లేతు ఆయన, "ఎందుకు బాబూ, జాలీ తీసి పారేస్తే సౌండు మస్తుగ వస్తది, పిల్లలందరు గట్లనే చేయించుకుంటరు" అన్నాడు.

నిజమే, చాలామంది అట్లాగే చేస్తారు. నా ఈడువాళ్ళు కోప్పడినా సరే, ఒక మాట వ్రాయాలి. చప్పుడు పెరగడం శక్తి పెరగడం కాదు. డెసిబెల్లు లెక్కలో పది పెరిగితే ధ్వని శక్తి పదింతలు పెరిగినట్టు. అదంతా వీధిలో వాళ్ళ చెవులకు పోతున్నది, చక్రానికి కాదు. ఇప్పుడు తయారయ్యే 175 సీసీ దాటిన మోటారు సైకిలుకు పరీక్షలో 80 డెసిబెల్లు మించకూడదు. పాత బండికైనా సైలెన్సరు సరిగా ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 2019 సవరణ తరువాత శబ్ద కాలుష్యానికి పదివేల దాకా జరిమానా వేయవచ్చు. మా బోరులో మోటారు దించిన కూలి కంటే అది ఎక్కువ.

ఇంకో సంగతి. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజి బండిగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. మా తాత బండికి ఆ అర్హత ఉంది. మామకు ఆశ పుట్టింది. కాని దానికి ఇరవై వేల రుసుము, పైగా అట్లా నమోదైన బండిని రోజువారీ పనికి వాడకూడదు. పాల క్యాన్లు మోసే బండికి ఆ గౌరవం ఎందుకని మామూలు పొడిగింపే చేయించాం. దసరాకు పన్నెండు రోజుల ముందు కాగితం చేతికి వచ్చింది.

బిగింపు గురించి రెండు మాటలు. బెండు పైపు సిలిండరుకు ఒక పెద్ద గుండ్రని నట్టుతో పట్టి ఉంటుంది. దానికి కొక్కెం స్పానరు వేరే ఉంది. సుత్తీ ఉలీ పెట్టి కొట్టారంటే సిలిండరు మర చెడుతుంది, ఆ ఖర్చు ముందు సైలెన్సరు ఖర్చు లెక్కలోకి రాదు. ముందు అన్నీ వదులుగా తగిలించి, పైపులు తమ దారిన తాము కూర్చున్నాక, సిలిండరు వైపు నుంచి వెనక్కి బిగిస్తూ రావాలి. రెండు సైలెన్సర్లూ ఒకే జతవి కావాలి. జోడెడ్లలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కడితే నాగలి ఎట్లా పోతుందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. కొత్త వాషరు మొదటి వేడికి నలిగి సర్దుకుంటుంది గనుక నట్టును మళ్ళీ ఒకసారి బిగించాలని ఉస్తాద్ రెండుసార్లు చెప్పాడు. స్పార్కు ప్లగ్గు కూడా తీసి చూపించాడు. తెల్లగా ఉంటే ఇంజను వేడెక్కుతున్నట్టు, నల్లగా మసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, కాఫీ గింజ రంగుంటే సరిగా ఉన్నట్టు. మాది కాఫీ రంగే వచ్చింది.

దసరా ముందురోజు పొద్దున్నే నేరేడ్‌మెట్ నుంచి బయలుదేరాను. శామీర్‌పేట దాటాక ఎత్తుల దగ్గర కావాలనే గేరు తగ్గించకుండా చూశాను. గుంజింది. ప్రజ్ఞాపూర్‌లో ఆగి చాయి తాగి, సైలెన్సరు మీద నీటి చుక్క వేసి చూస్తే చుయ్‌మని ఎగిరిపోయింది. యాభై ఏళ్ళలో అంత వేడి ఆ బండికి ఎన్నిసార్లు తగిలిందో! బెండు పైపు సిలిండరు దగ్గర అప్పుడే బంగారు రంగు తిరిగి నీలంగా మారుతున్నది. వేడికి లోహం మీద లేచే పలచటి పొర వల్ల వచ్చే రంగులవి, నీటి మీద నూనె పొరలో కనిపించే రంగుల వంటివే.

ఊరు చేరేసరికి తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాపు పొలం నుంచి ఇంకా రాలేదు. నేను బండి ఆపబోతే తాత చెయ్యెత్తి, "ఆపకు, ఉండనీ" అన్నాడు. తల ఒక పక్కకు వంచి కొంతసేపు విన్నాడు. ఏమంటాడోనని నా గుండె కొట్టుకుంటున్నది.

"కుడి దిక్కు నట్టు వదులైంది సూడు" అన్నాడు.

బండి ఆపి, చల్లారనిచ్చి, కొక్కెం స్పానరు పెట్టి చూశాను. అరచుట్టు తిరిగింది.